పరిగణిత కరువు

కరువు మీద పదిహేనేళ్ళు పరిశోధన చేసిన డాక్టర్ శేషఫణికి, కరువు దొరక్క ప్రమోషన్ ఆగిపోయింది.

వినేవాళ్ళకు విడ్డూరంగా ఉంటుంది గానీ, అతను పనిచేసే మెట్టపంటల జీవసాంకేతిక పరిశోధన సంస్థ సంగతి తెలిసినవాళ్ళకు ఇందులో వింతేమీ లేదు. సంస్థ రాయలసీమలో ఉంది. ప్రహరీ గోడకు అవతల ఎటు చూసినా ఎర్రటి ఎండిన నేల. ఇవతల పచ్చిక, క్రోటన్లు, గుండ్రంగా కత్తిరించిన పొదలు. గోడ దూకితే కరువు దొరుకుతుంది. గోడ దూకి ప్రయోగం చేయడానికి నిబంధనలు ఒప్పుకోవు.

శేషఫణి మాలిక్యులర్ బయాలజిస్టు. కొండరాళ్ళ సందుల్లో నెలల తరబడి ఎండి, ఒక్క జల్లు పడగానే మళ్ళీ పచ్చబడే గడ్డి ఒకటుంది. అందులోంచి ఒక జన్యువును తీసి వేరుశనగలో పెట్టాడు. చెప్పడానికి ఒక్క వాక్యం. చేయడానికి అతని జుట్టంతా పోయింది. ఇంతా చేసి ఆ జన్యువును అతను చూసింది ప్రయోగశాలలో, జెల్ పలక మీద, ఊదారంగు వెలుతురులో మెరిసే సన్నటి గీతగా. ఆ గీత ఉండాల్సిన చోట ఉంది. దాని ఫొటోతో ఎన్నో పత్రాలు అచ్చయ్యాయి. మొక్కలో జన్యువు ఉందని ప్రపంచం ఒప్పుకుంది. అది అక్కడ కూర్చుని ఏం చేస్తోందన్నదే తేలలేదు. ఈ ప్రశ్న శేషఫణికి తన గురించి కూడా అప్పుడప్పుడు వచ్చేది. సంస్థలో తను ఉన్న మాట మాత్రం నిజం. జీతాల పట్టికలో పేరుంది.

ప్రమోషన్ కావాలంటే గీత చాలదన్నారు. నేల మీద రుజువు కావాలన్నారు. సరేనని అతను ఒక ప్లాటు వేశాడు. వాన పడకుండా పైన ప్లాస్టిక్ కప్పు, చుట్టూ వల, తలుపుకి తాళం. లోపల ఎడమవైపు జన్యువు పెట్టిన వేరుశనగ, కుడివైపు మామూలు వేరుశనగ. పూత మీద ఉండగా నీళ్ళు ఆపేయాలి. కుడివైపువి ఎండాలి, ఎడమవైపువి నిలవాలి. ప్రయోగమంతా ఇంతే.

నీళ్ళు ఆపిన వారానికి సర్క్యులర్ వచ్చింది. సంస్థను ‘నిత్యహరిత ప్రాంగణం’ పోటీలో చేర్చారట. ఆకాశం నుంచి ఫొటోలు తీసి పచ్చదనాన్ని బట్టి ఆకులు ఇస్తారట. ఐదు ఆకులు వస్తే దేశంలో మొదటి వరస. ‘కావున ప్రాంగణమందలి ఏ మొక్కయు ఏ కారణము చేతను ఎండుటకు వీలులేదు’ అని చివరి వాక్యం.

మర్నాడు శేషఫణి ప్లాటు దగ్గరికి వెళ్ళేసరికి, తోటపని చూసే ఓబులేసు తలుపు తీసి లోపల పైపు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

“ఏం చేస్తున్నావు ఓబులేసూ?”

“కనపడ్తాంది గదా సార్. నీళ్ళు కడ్తాండా.”

“ఇది నీటి ఎద్దడి ప్రయోగం. నీళ్ళు పెట్టకూడదు.”

“పెట్టకుంటే ఎండిపోతాయి సార్.”

“ఎండిపోవడానికే.”

ఓబులేసు అతన్ని పైనుంచి కింది దాకా చూశాడు. ఆ చూపులో కోపం లేదు, ఇంట్లో ఎవరైనా ఉన్నారో లేదో పాపం అన్న బెంగ ఉంది.

“ఎండితే మెమో ఎవురికిస్తారు సార్? మీకా నాకా?”

“నీకే.”

“అయితే రోంత పక్కకు జరగండి. బూట్లు తడుస్తాయి.”

శేషఫణి ఆ మధ్యాహ్నమే డైరెక్టర్‌కు ఫిర్యాదు రాశాడు. వారం తిరక్కుండా మీటింగ్ పెట్టారు. బల్లకు ఆ చివర డైరెక్టర్ మార్తాండరావు, ఆయన పక్కన పరిపాలనాధికారి పరాంకుశం, మిగతా కుర్చీల్లో సభ్యులు.

“మీ ప్రయోగం పట్ల సంస్థకు సంపూర్ణ సానుభూతి ఉండడం జరిగింది,” అన్నారు మార్తాండరావు. ఆయన నోట ఏ పనీ ఎవరూ చేయరు. అన్నీ జరుగుతాయి. “మనకు నాలుగు ఆకులు రావడం జరిగింది. ఐదో ఆకుకు అడ్డం మీ ప్లాటు కావడం జరిగింది. ఎండిన మొక్క ఒక్కటి కనబడినా ఆకు తగ్గించడం జరుగుతుంది.”

“కానీ సార్, ఎండకపోతే కరువు తట్టుకుంటుందని ఎలా తెలుస్తుంది?”

“అదే ఆలోచించడం జరుగుతోంది.” మార్తాండరావు పక్కకు తిరిగారు.

పరాంకుశం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన కళ్ళజోడు తుడిచాడంటే నిబంధనల్లో దారి కనబడిందని అర్థం.

“దీనికింత బాధ అక్కర్లేదండీ. నీళ్ళు పెట్టక తప్పదు, సంస్థ కోసం. పెట్టకుండా ఉండకా తప్పదు, శేషఫణిగారి కోసం. కాబట్టి నీళ్ళు పెడదాం, పెట్టనట్లుగా పరిగణిద్దాం. పరిగణిత కరువు.”

“అలా ఎలా కుదురుతుందండీ?”

“ఎందుకు కుదరదు? పండగ సెలవుల్ని పనిదినాలుగా పరిగణించడం లేదా? రాని సభ్యుల్ని వచ్చినట్లుగా పరిగణించి కోరం పూర్తి చేయడం లేదా? ఈ మీటింగుకే ఇద్దరు అలా వచ్చారు.”

శేషఫణి చూశాడు. రెండు ఖాళీ కుర్చీల ముందు రెండు టీ కప్పులు పెట్టి ఉన్నాయి.

“తనకు నీళ్ళు పెట్టలేదని పరిగణించారన్న సంగతి మొక్కకు తెలియదు కదండీ.”

“ఉత్తర్వు ప్రతి ఒకటి ప్లాటు తలుపుకి అతికిద్దాం,” అన్నాడు పరాంకుశం.

శేషఫణి లేచి నిలబడ్డాడు. ఇది విజ్ఞానశాస్త్రాన్ని అవమానించడమేనన్నాడు. తన అసమ్మతిని నమోదు చేయాలని గట్టిగా అడిగాడు. సభ్యులు టీ తాగడం ఆపి విన్నారు.

“తప్పకుండా,” అన్నారు మార్తాండరావు. “మీ అసమ్మతిని సమ్మతిగా పరిగణించడం జరిగింది.”

బయటికొచ్చి క్రోటన్ల మధ్య నడుస్తుంటే శేషఫణికి ఒక సంగతి తట్టింది. నడక తేలిగ్గా ఉంది. మనసుకు సంబంధించిన పుస్తకాలు చదివి, ఏ భావం కలిగినా దాని వెనక ఎవరు నక్కారో చూడడం అతనికి అలవాటు. పెళ్ళి చేసుకోకపోవడానికి అదొక కారణం. అన్యాయం జరిగిన మనిషికి గుండెలో ఉండాల్సిన బరువు కోసం వెతుక్కున్నాడు. దొరకలేదు. దాని చోట ఏదో హాయి కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. ఎవరు నువ్వని నిలదీస్తే అది దాచకుండా చెప్పింది. నిజమైన కరువు పెడితే జన్యువు పనిచేస్తుందో లేదో తేలిపోతుంది. పనిచేయకపోతే పదిహేనేళ్ళు ఒక గీతగా మిగులుతాయి. ఇప్పుడిక ఎప్పటికీ తేలదు. తేలకపోవడానికి కారణం తను కాడు, సంస్థ. పైగా తను ఎదిరించాడు, అందరూ విన్నారు. ఇంతకన్నా సుఖమైన అన్యాయం మనిషికి దొరకదు.

తన మీద తనకు అసహ్యం కలిగింది. క్యాంటీన్ దాకా ఉండి, పోయింది.

పరిగణిత కరువులో మొక్కలు బ్రహ్మాండంగా పెరిగాయి. ఎడమవైపువీ పెరిగాయి, కుడివైపువీ పెరిగాయి. చిక్కు అక్కడొచ్చింది. మామూలు మొక్కలు కూడా కరువును తట్టుకుంటే జన్యువు గొప్పేమిటి? మళ్ళీ మీటింగ్. పరాంకుశం మళ్ళీ కళ్ళజోడు తుడిచాడు. కరువు వచ్చినట్లుగా పరిగణించిన తర్వాత, ఆ కరువుకు మామూలు మొక్కలు చనిపోయినట్లుగా పరిగణించకపోతే మొదటి ఉత్తర్వుకు విలువేముందని అడిగాడు. కుడివైపు ఎర్రక్షరాలతో బోర్డు పెట్టారు: ‘ఇవి చనిపోయినవి. క్రమం తప్పక నీళ్ళు పోయవలెను.’

ఆ బోర్డు చూసి నఫీసా నేరుగా శేషఫణి గదికి వచ్చింది. కదిరి అమ్మాయి. అతని దగ్గర పీహెచ్‌డీ చేస్తోంది. ఆ మొక్కల మీదే ఆమె థీసిస్.

“సార్, చచ్చిపోయిన మొక్కలు కాయలు కాసినాయి.”

“ఎన్ని?”

“ఎడమవైపు వాటికంటే ఎక్కువే సార్.”

శేషఫణి పెన్ను మూత పెట్టి, మళ్ళీ తీశాడు. “పరాంకుశంగారిని అడిగాను. అది మరణానంతర దిగుబడి. లెక్కలోకి రాదన్నారు.”

“మీరు ఒప్పుకున్నారా సార్?”

“నేనెందుకు ఒప్పుకుంటాను? అసమ్మతి తెలిపాను.”

“దాన్ని సమ్మతి కింద రాసుకుంటారు గదా సార్.”

నఫీసా కుర్చీ ముందుకు లాక్కుంది. “ఒక పని చేద్దాం సార్. నాలుగు కుండీల్లో వేసి మీ గది వెనకాల పెడదాం. ఎవరికీ చెప్పొద్దు. నీళ్ళు ఆపేద్దాం. మనకన్నా తెలుస్తుంది గదా.”

ఎంత మంచి ఆలోచన. అది విన్న క్షణంలోనే అతను నిబంధనల పుస్తకం తెరిచాడు. జన్యుమార్పిడి మొక్కలను నిర్ణీత స్థలం నుంచి కదపడం జీవభద్రత నిబంధనల రీత్యా ఎంత నేరమో, ముందస్తు అనుమతికి ఏ కమిటీని ఆశ్రయించవలసి ఉంటుందో, ఆ కమిటీ ఇంకా ఎందుకు ఏర్పడలేదో ఆమెకు గుక్క తిప్పుకోకుండా వివరించాడు. వాక్యాలు పరాంకుశం వాక్యాల్లాగే గుండ్రంగా, నున్నగా వచ్చాయి. ఆ సంగతి అతనికి మధ్యలోనే తెలిసింది. అయినా వాక్యం పూర్తి చేశాడు. వ్యాకరణం మీద గౌరవం అనుకున్నాడు.

చనిపోయిన మొక్కల కాయల్ని ఉడకబెట్టి తర్వాతి మీటింగులో పంచారు. చాలా రుచిగా ఉన్నాయన్నారు.

ఐదో ఆకు వచ్చింది. శేషఫణి ఫలితాలు కూడా వచ్చాయి: కరువులో మామూలు వేరుశనగ నూటికి నూరు శాతం మరణం, జన్యువు ఉన్నది నూటికి నూరు శాతం జీవనం. ఇంత స్పష్టమైన తేడా ఈ రంగంలో ఇంతకు ముందు చూడలేదని ఒక పెద్దాయన మెచ్చుకుంటూ రాశారు. మిగతా విభాగాలు మేల్కొన్నాయి. పురుగుల విభాగంలో పురుగుల్ని పెంచే చాకిరీ తప్పింది. పరిగణిత పురుగు ఆకును కొరికినట్లే కొరికి మాయమయ్యేది. వరదను తట్టుకునే వరి మీద పనిచేసే ఆయన ఏళ్ళ తరబడి కోస్తాకు బదిలీ అడుగుతున్నాడు. ఆయనకు ఇక్కడే నడుములోతు వరద మంజూరైంది.

శేషఫణి ప్రధాన శాస్త్రవేత్త అయ్యాడు. సన్మానసభలో దండ వేయించుకుని, “నా మొక్క కరువును చూసి ఎన్నడూ తల వంచలేదు,” అన్నాడు. చప్పట్లు మోగాయి. తను అబద్ధం చెప్పలేదని అతను కుర్చీలో కూర్చుంటూ రూఢి చేసుకున్నాడు. అది కరువును చూడనే లేదు.

నఫీసా చప్పట్లు కొట్టలేదు. కానీ ఆ నెల ఆమె ఫెలోషిప్ ఆగిపోయింది. ఇంటి నుంచి వాళ్ళ నాన్న రోజూ ఫోన్ చేసి ఎప్పుడైపోతుందమ్మా అని అడగడం మొదలుపెట్టాడు. మరో నెలకు ఆమె థీసిస్ ఇచ్చేసింది. మొదటి అధ్యాయంలో ఒకచోట, చిన్న అక్షరాల్లో, ‘ఇందు కరువనగా సంస్థ నిర్వచించిన కరువు’ అని రాసుకుంది. శేషఫణి సంతకం పెడుతూ ఆ వాక్యం మీద కాసేపు ఆగాడు. ఆమె గోడకున్న క్యాలెండర్ చూస్తోంది.

ఇక మిగిలింది విత్తనం విడుదల. ఢిల్లీ నుంచి నిపుణులు వచ్చి ప్లాటు ఒక్కసారి కళ్ళతో చూసి సంతకం చేస్తే, వచ్చే ఖరీఫ్‌కు విత్తనం రైతులకు పోతుంది. వాళ్ళకు చూపించడానికి ప్లాటులో ఎడమా కుడీ మళ్ళీ వేరుశనగ వేశారు.

ఆ ఏడు వానలు రాలేదు.

గోడ అవతల వేసిన వేరుశనగ మొలిచినట్టే మొలిచి మాడిపోయింది. ఊళ్ళవాళ్ళు కరువు మండలంగా ప్రకటించమని అర్జీలు పెట్టారు. అధికారులు ఆకాశం నుంచి తీసిన ఫొటో తెప్పించి చూశారు. మండలం నడిబొడ్డున నిగనిగలాడే పచ్చటి చదరం ఒకటి కనిపించింది. పచ్చదనం సంతృప్తికరంగా ఉందని అర్జీలు తిప్పి పంపారు.

“మా చేను గూడా ఎండిపాయ సార్,” అన్నాడు ఓబులేసు, పైపు చుట్టలు చుడుతూ. “మీ పరాంకుశం సారుకు ఒక మాట చెప్పండి. మా చేనికి గూడా వాన పడినట్టు పరి... ఏందది సార్?”

“పరిగణించడం.”

“అదే. అట్ల చేపిచ్చండి. మీ చేతిలో పనే గదా.” ఈసారి నవ్వకుండా అన్నాడు. “ఎగతాళి కాదు సార్. వచ్చే యేటికి మీ ఇత్తనాలు రెండు మూటలు నాకు ఇప్పిచ్చండి. నీళ్ళు లేకున్నా బతుకుతాయని పేపర్లో ఏసినారు. రోజూ నీళ్ళు పోసింది నేనే గానీ, పేపర్లో అబద్ధం రాయరు గదా.”

శేషఫణి చూద్దాంలే అన్నాడు. ఆ మాట నోట్లో చాలాసేపు ఉండిపోయింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు సంస్థ బోరు ఎండింది. ట్యాంకర్లు తెప్పించారు గానీ, ఆ నీళ్ళు నిపుణులు దిగబోయే అతిథి గృహానికీ దాని ముందున్న పచ్చికకూ సరిపోయాయి. శేషఫణి డైరెక్టర్ గదికి పరుగెత్తాడు. పరాంకుశం అక్కడే ఉన్నాడు.

“సార్, నా ప్లాటుకు నీళ్ళు ఆగిపోయాయి. నిజంగానే కరువొచ్చింది.”

“కరువని మీరు ఎలా అంటారు?” అన్నారు మార్తాండరావు. “ప్రభుత్వం ప్రకటించడం జరగలేదు. అనధికార కరువును సంస్థ గుర్తించడం జరగదు.”

“మొక్కలు ఎండిపోతాయి సార్.”

“ఆకులు వచ్చేశాయి కదండీ. మళ్ళీ ఫొటోలు వచ్చే ఏడాది,” అన్నాడు పరాంకుశం. “అప్పటి దాకా మీ ప్లాటుకు నీళ్ళు పెట్టినట్లుగా పరిగణిద్దాం.”

శేషఫణి మెట్లు దిగుతూ లెక్క వేసుకున్నాడు. మొదట నీళ్ళు పెట్టి, పెట్టనట్లు పరిగణించారు. ఇప్పుడు పెట్టకుండా, పెట్టినట్లు పరిగణిస్తున్నారు. రెండూ కొట్టేసుకుంటే మిగిలేది అచ్చమైన ప్రయోగం. ఇన్నాళ్ళుగా అతను ఫిర్యాదుల్లో అడిగిందదే. చివరి మెట్టు మీద రెయిలింగ్ పట్టుకుని మళ్ళీ పైకి చూశాడు.

నఫీసా ప్లాటు దగ్గరే ఎదురైంది. చాలా నెలల తర్వాత ఆమె మొహంలో నవ్వు చూశాడు.

“విన్నాను సార్. ఇప్పుడు తెలిసిపోతుంది.”

“అవును,” అన్నాడు.

మొదట్లో మధ్యాహ్నమయ్యేసరికి ఆకులు రెండువైపులా ముడుచుకునేవి, పొద్దున్నే రెండువైపులా విచ్చుకునేవి. తర్వాత పొద్దున కూడా విచ్చుకోవడం తగ్గింది. రెండువైపులా. శేషఫణి ఎడమవైపు పచ్చదనం ఒక్క పిసరు ఎక్కువగా ఉందేమోనని చూసేవాడు. ఎడమకంటితో చూస్తే ఎక్కువే అనిపించేది. కుడికంటితో చూస్తే అనిపించేది కాదు. చూపును కోరిక ఎంత వంచగలదో అతను ఎన్నో పుస్తకాల్లో చదివాడు. ఆ పుస్తకాలన్నీ కలిసి ఎడమకన్ను మూయించలేకపోయాయి.

నఫీసా మొదటి రోజుల్లో ప్రతి సాలులో కూర్చుని ఆకుల్ని వేళ్ళతో పట్టి చూసేది. తర్వాత వల బయటి నుంచి చూసేది. తర్వాత దారిలో పోతూ తల తిప్పేది. ఆమె థీసిస్ వైవా శుక్రవారమని కాగితం వచ్చింది. నిపుణుల రాక సోమవారం.

“ఇంకా చూడాలి సార్. ఇప్పుడే ఏమీ చెప్పలేం,” అంది ఒకరోజు, అడక్కుండానే.

“ఇప్పుడే చెప్పలేం,” అన్నాడు శేషఫణి. ఇద్దరూ వేరే వేరే దిక్కులు చూశారు.

బుధవారం మధ్యాహ్నం అందరూ భోజనాలకు పోయిన వేళ, శేషఫణి తన కారును ప్లాటు తలుపు దాకా తెచ్చాడు. వెనక సీటులోనూ డిక్కీలోనూ నీళ్ళ క్యాన్లు. ఊళ్ళో మినరల్ వాటర్ కొట్టు ముందు బిందెల వరసలో నిలబడి తెచ్చాడు. ఇంట్లో పెళ్ళా సార్ అని అడిగితే అవునన్నాడు. బిందెల వాళ్ళు పక్కకు జరిగి దారి ఇచ్చారు.

మొదటి క్యాన్ మోసుకుని లోపలికి వచ్చి, రెండు వైపుల మధ్య నిలబడ్డాడు. ఎడమవైపు మాత్రమే పోస్తే సోమవారానికి ఫలితం అద్భుతంగా ఉంటుందన్న ఆలోచన వచ్చింది. ఆ నీచత్వానికి తను దిగజారలేనని గట్టిగా అనుకున్నాడు. ఎడమవైపు ఒక సాలు, కుడివైపు ఒక సాలు, ఎక్కువ తక్కువలు లేకుండా పోసుకుంటూ పోయాడు. శాస్త్రవేత్తగా ఆ మాత్రం నిజాయితీ ఇంకా మిగిలి ఉన్నందుకు తనను తాను మెచ్చుకున్నాడు.

సగం దూరం పోయాక వల మీద నీడ పడింది. తలెత్తితే నఫీసా.

ఆమె క్యాన్‌ను చూసింది. తడిసిన మట్టిని చూసింది. అతన్ని చూసింది.

శేషఫణి క్యాన్ దించలేదు. ఈ అమ్మాయి ఇప్పుడు అరుస్తుంది. ఏం పని సార్ ఇది అంటుంది, చేతిలోంచి లాక్కుంటుంది. లాక్కుంటే వదిలేద్దామని వేళ్ళు సడలించి పెట్టుకున్నాడు. ఇంతమంది కమిటీ సభ్యుల్లో, ఇన్ని మీటింగుల్లో, తనను ఎవరైనా ఆపుతారని అతను ఇంతగా ఎదురుచూసిన క్షణం లేదు.

నఫీసా చెప్పులు తలుపు దగ్గర విడిచింది. కారు దాకా నడిచి, రెండు చేతులతో ఒక క్యాన్‌ను పొట్టకు ఆనించుకుని లోపలికి తెచ్చింది.

“ఆ చివరి సాలుకు అందలేదు సార్,” అంది, మూత తిప్పుతూ.